తిరిగి చెప్పిన మాట

యూనియన్ తరఫున మా విమాన కంపెనీ పెద్దల దగ్గర నేను బల్ల గుద్ది మాట తీసుకున్నాను. పంజాగుట్టలో ఒక హోటల్లో, నీళ్ల గ్లాసు దొర్లి వాళ్ల ఫైళ్లు తడిసేంత గట్టిగా గుద్దాను. కరోనాలో పైలట్లకు కోసిన జీతం, విమానాలు మళ్లీ నిండగానే పూర్తిగా తిరిగి ఇస్తామని ఒప్పుకున్నారు. రిటైరయ్యాక అమీర్‌పేటలో పైలట్ పరీక్షలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఈ కథ వినకుండా నా క్లాసు దాటిన పిల్లలు లేరు. వాతావరణం పాఠంలో కునికేవాళ్లు కూడా గ్లాసు దగ్గరికొచ్చేసరికి లేచి కూర్చునేవారు.

నిజానికి బల్ల గుద్దలేదు. గ్లాసుకు నా మోచెయ్యి తగిలింది. తడిసింది నా ప్యాంటే.

మొన్న ఒక అమ్మాయి వచ్చేదాకా ఇది ఒప్పుకోవాల్సిన అవసరం రాలేదు. నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు అదే కంపెనీలో పైలట్, పైగా యూనియన్ తరఫున జీతాల చర్చలకు వెళ్లే కమిటీలో ఉంది. వెంట నా పాత కోపైలట్‌ను తీసుకొచ్చింది. అప్పటి చర్చల్లో నా పక్క కుర్చీ అతనిదే. ఇప్పుడు కెప్టెన్ అయ్యాడు. క్లాసు వదిలాక ముగ్గురం మెట్రో కింద కేఫ్‌లో కూర్చున్నాం.

విమానాలు నిండి చాలా కాలమైంది గానీ జీతం సగం దారిలోనే ఆగిపోయింది. కొంత పెంచుతాం, పాత సంగతి వదిలేయండని కంపెనీ అంటోందట. సంతకం పెట్టేద్దామని కమిటీలో చాలామంది అన్నారట. ఈ అమ్మాయే అడ్డుపడింది. కంపెనీ మాటిచ్చిందనీ, అందుకు మా సారే సాక్షి అనీ చెప్పి అందరినీ ఆపింది.

"సోమవారం మీరొచ్చి ఆ ఒక్క ముక్క చెప్తే చాలు సార్," అంది.

బిస్కెట్టు టీలో ముంచి మరిచిపోయాను. మెత్తబడి అడుక్కి జారిపోయింది.

ముందు బల్ల సంగతి ఒప్పుకున్నాను. నవ్వింది. ఆ తర్వాత, ఆ మాటకు కాగితం లేదని కూడా చెప్పాను. నవ్వు పోయింది. ఎందుకు రాయించుకోలేదని అడిగింది.

ఉద్యోగమంతా నోటిమాట మీద విమానం నడిపినవాణ్ని. బయల్దేరే ముందు, ఫలానా దారిలో ఫలానా ఎత్తుకు పొమ్మని ఎయిర్‌పోర్ట్ టవర్ చెప్తుంది. అదే మాట మనం తిరిగి చెప్పాలి. సరిగ్గా ఉంది అంటుంది టవర్. అంతే, వెనకాల అంతమందిని కూర్చోబెట్టుకుని లేచిపోతాం. పంజాగుట్టలోనూ అలవాటుగా అదే చేశాను. "విమానాలు నిండగానే పాత జీతం పూర్తిగా ఇస్తారు," అని తిరిగి చెప్పాను. ఎదుట కూర్చున్న కంపెనీ పెద్దమనిషి అవునన్నాడు. చెయ్యి కలిపి లేచాను.

నాదేం పోయింది, ఆ తర్వాత కొద్ది నెలలకే రిటైరయ్యాను. కోత మోసింది పక్క కుర్చీవాడు. ట్రైనింగ్ కోసం చేసిన అప్పు తీరక ఫ్లాట్ అమ్మేసి, భార్యతో, పాపతో మధురానగర్‌లో ఓ హాస్టల్ పైన రెండు గదుల్లోకి మారాడు. మా క్లాసు నుంచి నడిచిపోయేంత దూరం. ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్తే ఆ పాప కూడా గ్లాసు కథ చెప్పమంటుందేమోనని భయం.

"కాగితం లేకపోతే ఏంటమ్మా, ఆయన అవునన్నాడు, అది నిజం," అన్నాను ఆ అమ్మాయితో. "సోమవారం వచ్చి ఆ మాటే చెప్తాను."

ఆమె నా పాత కోపైలట్ వైపు చూసింది. అతను కప్పు పక్కకు జరిపాడు.

"గా మాట సుత నిజం కాదు సార్. చూద్దాం అన్నడు ఆయన. ఇస్తరని తిరిగి చెప్పింది మీరు. దానికి ఆయన అవును అనలే, కాదు అనలే, ఫోన్ చూస్కుంటుండె. పక్కన కూసొని నేను సుత తప్పని చెప్పలే. సోమవారం మీరు రాకుండ్రి."