దినాల నాడు విరిగిన పన్ను

మోత్కూరు పద్మశాలీల వాడలో గుర్వయ్యది గుంట మగ్గం. ఆయన చీరె నేస్తుంటే భార్య బాలనర్సమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఇద్దరికీ యాభై దాటాయి. గుర్వయ్య మాట్లాడేదే తక్కువ. భార్యను గదమాయించగా వాడలో విన్నవాళ్లు లేరు.

ఆమెకు పైదవడ పన్ను ఒకటి పుచ్చితే, పానగల్‌లో ఉండే పెద్దన్న లింగయ్య నల్లగొండ తీసుకుపోయి రూట్ కెనాల్ చేయించాడు. నరం తీసేశాక పన్ను పెళుసైపోతుందని, క్యాప్ వేయించుకునేదాకా గట్టివేవీ కొరకవద్దని అక్కడి డాక్టరు చెప్పాడు. నొప్పి పోయేసరికి క్యాప్ సంగతి వెనకబడింది. ఈ చీరె మగ్గం మీంచి కోశాక, ఆ పెళ్లి అయ్యాక అంటూ బాలనర్సమ్మ నెట్టుకొచ్చింది. లింగయ్య మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, బొక్కలు కొరుకుతలేవు గద అని అడిగి నవ్వేవాడు. చిన్నప్పటి నుంచి చెల్లెలికి మూలుగ బొక్కంటే, ఎముకలోని గుజ్జు పీల్చడమంటే ప్రాణమని ఆయనకు తెలుసు. తన పళ్లెంలోది తీసి ఆమెకు వేసి పెంచినవాడాయన.

ఆ ఏడు వానలు పడుతుండగా లింగయ్య గుండెపోటుతో పోయాడు.

దినాల నాడు పానగల్‌లో యాటను కోసి మాంసం వండారు. పొద్దుటి నుంచి ఏడ్చి గొంతు పోయిన బాలనర్సమ్మ ఆడవాళ్ల బంతిలో కూర్చుంది. ఆమె విస్తరిలో మూలుగ బొక్క పడింది. అంతసేపూ లేని ఆకలి, ముక్క నోటికి తగలగానే పుట్టుకొచ్చింది. బొక్కను పీల్చింది, చప్పరించింది. మూలుగ రాకపోతే దవడకు పెట్టి కొరికింది. టక్కుమంది. నొప్పేమీ లేదు. నాలుకతో తడిమి చూస్తే పన్ను సగమే ఉంది. విరిగిన ముక్కను బొక్కల్లో కలిపి, ఆకు మడిచి లేచింది. ఎదురుగా కుర్చీలో దండ వేసిన అన్న ఫోటో ఉంది. అటు చూడకుండా చేతులు కడుక్కోవడానికి పోయింది.

ఇంటికొచ్చాక కొన్నాళ్లకు సలుపు మొదలైంది. చిగురు ఉబ్బి చీము ఊరేది. తన నోటి వాసన తనకే తెలిసి, ఎవరితోనైనా మాట్లాడాలంటే కొంగు అడ్డం పెట్టుకునేది. లవంగం నొక్కి పెట్టింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది. దవాఖానకు పోదామని గుర్వయ్య అడిగితే రేపు చూద్దామనేది. ఎట్లా విరిగిందని అడుగుతారు. ఇంకేదో తింటుంటే విరిగిందని చెప్పవచ్చు. కానీ అన్న దినాల మీద అబద్ధమాడటానికి నోరు రాలేదు, ఆయన వద్దన్న బొక్కనే ఆ రోజు ఆశగా కొరికానని నిజం చెప్పడానికీ రాలేదు.

వాపు చెంపంతా పాకి కన్ను కిందికి ఎక్కింది. పెనం మీద కాచిన గుడ్డతో కాపడం పెట్టుకుంటే చర్మం కమిలి నల్లటి మచ్చ పడింది. కొంగు కప్పుకుని నల్లా దగ్గరికి పోతే పక్కింటి బిక్షమ్మ చూసి ఏమైందని అడిగింది. ఏం లేదంది బాలనర్సమ్మ. చెంప మీద అంత మచ్చ పెట్టుకుని ఏం లేదనే ఆడవాళ్లను బిక్షమ్మ చాలామందిని చూసింది. ఎంత నెమ్మదస్తుడైనా ఒక్కోసారి చెయ్యి లేస్తదిలే అని జాలిపడింది. కాదని అప్పుడే చెప్పాల్సింది. బాలనర్సమ్మ తల వంచుకుని బిందె ఎత్తుకుంది.

ఆ మాట వాడంతా పాకాక చాయ్ హోటల్‌లో గుర్వయ్య బల్ల మీద కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోసాగారు. ఎందుకో ఆయనకు తెలియలేదు. ఆమెకు తెలుసు.

ఒకనాడు పొద్దున్నే ఆమె తమ్ముడు వెంకటేష్ పానగల్ నుంచి బండి మీద వచ్చాడు. బిక్షమ్మ పుట్టిల్లు కూడా పానగలే. కబురు ఆమే చేసింది. వెంకటేష్ అక్క చెంప చూసి, మగ్గం ముందుకు పోయి నిలబడ్డాడు. వాకిట్లో జనం చేరారు.

"అన్న పోయిండు, అడిగేటోడు లేడనుకున్నవా బావా?"

గుర్వయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అయ్యాక పోగు నడిపే నాడె చేతిలోనే పట్టుకుని, "పన్ను నొస్తాందన్నది. నేనెందుకు కొడ్త?" అన్నాడు.

"గా పన్ను అన్న బాగు చేయించిండు. నరమే లేని పన్ను ఎట్ల నొస్తది?"

గుర్వయ్య భార్య వైపు చూశాడు. వాకిట్లో అందరూ ఆమె వైపే చూశారు. నోరు విప్పితే విస్తరి, బొక్క, అన్న ఫోటో అన్నీ వాళ్ల మధ్యకు వస్తాయి. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. గుర్వయ్య ఇంకాసేపు చూసి, కళ్లు దించుకున్నాడు.

చెంప ఎముక విరిగిందేమోనని వెంకటేష్ ఆమెను బండెక్కించుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నోరు తెరిపించి చూసి, ఇది దెబ్బ కాదు, లోపల పన్నుకు చీము పట్టిందని పళ్ల డాక్టరమ్మ దగ్గరకు పంపాడు. ఆమె ఎక్స్‌రే తీయించింది. నరం తీసినా వేరు కింద చీము పడుతుందని, క్యాప్ లేక విరగడంతో లోపలికి కుళ్లిందని చెప్పింది. ఏం కొరికితే విరిగిందని అడిగింది. వెంకటేష్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బొక్క కొరికిన," అంది బాలనర్సమ్మ. గుమ్మం వైపు చూడకుండా, "మా అన్న దినాల నాడు."

డాక్టరమ్మకు అది మామూలు సంగతే. పన్ను నిలబడదంది. చీము బయటికి తీసి, మందులు రాసి, వాపు తగ్గాక పీకించుకోవడానికి రమ్మంది. వెంకటేష్ బయటికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరుగుదారిలో అతను బండి ఆపాడు. "అందరం తింటిమి గదక్కా. నేను తినలేదా? గా మాట వాకిట్ల జెప్తే బావను నేను గన్ని మాటలందునా?" అన్నాడు.

ఇంటికొచ్చి వెంకటేష్ బావ చేతులు పట్టుకున్నాడు. గుర్వయ్య అతన్ని కూర్చోబెట్టి, చాయ్ తాగించి పంపాడు. తమ్ముడు పోయాక బాలనర్సమ్మ మగ్గం పక్కన కూర్చుని, ఏదీ దాచకుండా అంతా చెప్పింది. బొక్క కొరికితే తప్పేముందన్నాడాయన. కొంచెంసేపు నేసి, మళ్లీ ఆపాడు.

"నీ దిక్కు సూసిన. జెప్తవనుకున్న."

మర్నాడు ఆమె నల్లా దగ్గర అందరి ముందూ చెప్పింది. కొందరు నవ్వారు. బిక్షమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి, మొగని పరువు కాపాడుకునుడు మనకు తెల్వందా అని మెల్లగా అంది. బాలనర్సమ్మ ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్నకొద్దీ బిక్షమ్మ ముఖంలో జాలి పెరిగింది.

వాపు తగ్గి, ఆమె పన్ను పీకించుకుని, మచ్చ మానాక కూడా, హోటల్‌కు పోవడం మానేసిన గుర్వయ్య మళ్లీ అటు పోలేదు. ఒకనాడు సాయంత్రం ఆమె ఆయన్ను మగ్గం మీంచి లేపి వెంట తీసుకుపోయింది. ఆడవాళ్లు ఎన్నడూ కూర్చోని ఆ బల్ల మీద ఆయన పక్కన కూర్చుని రెండు చాయ్‌లు చెప్పింది. అక్కడున్నవాళ్లకు దినాల సంగతి, బొక్క సంగతి వినిపించేట్టే చెప్పింది. ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. గుర్వయ్య గ్లాసులోకి చూస్తూ చాయ్ తాగాడు.