జింకల తోటలో పగిలిన తప్పెట

మా తప్పెటగుళ్ళ గురువుగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, రంగూను అహ్లోన్‌లో మేం పనిచేసే బియ్యం మిల్లులో, బస్తాల నెట్టు ఒరిగి ఆయన మీద పడింది. నెట్టు ఒరుగుతూంటేనే పక్కవాళ్ళు తాడు విసిరారట. అది చేతికి అందిందట కూడా. కుడిచెయ్యి ముడుచుకోక పట్టుకోలేకపోయారు. ఆ చెయ్యి ఎందుకు అలా అయిందో రంగూనులో మన తెలుగువాళ్ళందరూ తమకు తెలుసుననుకుంటున్నారు. మీకు తెలిసింది అబద్ధం. దాన్ని మీరు నమ్ముతూంటే చూస్తూ ఊరుకున్నవాణ్ణి నేను.

తప్పెట ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు గొల్లలు గుండ్రటి తప్పెటను రొమ్ముకు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, వలయంగా తిరుగుతూ రెండు చేతులా వాయిస్తారు. మందలో ఒక్క జీవానికీ ఆపద రాకూడదని గంగమ్మతల్లికి పాడుకుంటారు. గురువుగారు ఓడ దిగినప్పుడు తెచ్చుకున్న ఆస్తి ఆ తప్పెటొక్కటే. ఆదివారం పొద్దున్నే మిల్లు వెనక ఊకమంట వేసి, దాని చర్మాన్ని వెచ్చబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. "ఈ మేకని సంపీసినాం. ఇప్పుడు దీని సేత పాడించడమే మనం సెయ్యగల సేవ" అనేవారు. కోపంగా ఉన్నవాణ్ణి వాయించనిచ్చేవారు కాదు. "ముందు ఎల్లి మొకం కడుక్కునిరా" అని పంపేసేవారు.

నేను అదే మిల్లులో గుమస్తాని, చొక్కా నలిగితే ప్రాణం పోయే బాపతు. అలాంటి నా చేత కూడా గజ్జెలు కట్టించారు. లయ తప్పితే నడుం మీద వేలితో పొడిచి, "గుమస్తాబావూ, కాయితం మీద కాదు, నేల మీదున్నావు" అనేవారు. అందరూ నవ్వేవారు. నాకు మండుకొచ్చేది. మళ్ళీ ఆదివారానికి అందరికంటే ముందు నేనే వెళ్ళేవాణ్ణి.

నాలుగేళ్ళ కిందట ఇన్సీన్ దారిలోని ఒక పాత బంగళా మేనేజరు మిల్లుకు పనిమీద వచ్చి, నాతో మాట కలిపాడు. "మీలో తప్పెటలవాళ్ళు ఉన్నారట కదా. ఆదివారం దొర అతిథులు వస్తున్నారు. అందరినీ తీసుకురా. ఎంత గట్టిగా వాయిస్తే అంత మంచిది" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. దొరలు మా ఆట చూడాలని ముచ్చట పడుతున్నారని నాకు నేనే అనేసుకున్నాను. పైగా ఆ బంగళా లోపల చూడాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. గురువుగారిని అడక్కుండానే వస్తామని మాటిచ్చేశాను. ఆయనకు చెబితే, "మాటిచ్చీసినావా? అయితే ఎల్దాం" అన్నారు.

ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరు పట్టుకున్న కొత్తలో ఒక కలప వర్తకుడు కట్టించిన టేకు బంగళా అది. స్తంభాలు ఇద్దరు చేతులు చాచినా అందనంత లావు. వరండా గోడ నిండా కొమ్ములతో సహా జింకల తలలు. నేను నోరు తెరుచుకుని చూస్తూంటే గురువుగారు మాత్రం, "ఇన్ని కళ్ళు సూస్తా ఉంటే ఈళ్ళకి ముద్దెలా దిగుతాది?" అన్నారు.

బంగళా వెనక జింకల తోట. మంద దగ్గర ఒక ముసలి బర్మావాడు గడ్డి వేస్తున్నాడు. పెద్దవాళ్ళను పిలిచినట్టే ఊజీ అని పలకరించాను. ఈ చుక్కల జింకల తాతముత్తాతలను ఆ వర్తకుడు మద్రాసు వైపు నుంచి ఓడలో తెప్పించాడని ఊజీ చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే గురువుగారి మొహం విచ్చుకుంది. "అయితే ఇవీ మనోలే! ఇవీ డెక్కు మీదొచ్చినవే!" అంటూ ఒక పిల్లజింక నుదురు నిమిరారు. ఊజీ ఇంకేదో చెప్పబోయి మేనేజరును చూసి ఆగిపోయాడు.

మేనేజరు మమ్మల్ని కంచె పొడుగునా బారుగా నిలబెట్టి, వాయిస్తూ చెరువు వైపు నడవమన్నాడు. "బారుగా ఏటి బావూ? మనం గుండ్రంగా కదా ఆడతాం?" అన్నారు గురువుగారు. దొరల పద్ధతి అలా ఉంటుందని సర్దిచెప్పింది కూడా నేనే.

తప్పెటలు మోగగానే జింకలు తలలెత్తి చెరువు వైపు పరుగు తీశాయి. గట్టు మీది పొదల వెనక నుంచి తుపాకులు పేలాయి. ముందున్న ఆడజింక ముందుకాళ్ళు విరిగి బోర్లాపడి, వెనక కాళ్ళతో నేలను తన్నుకుంటోంది. దాని మీంచి దూకబోయిన ఇంకొకటి గాలిలోనే తలకిందులైంది. పిల్లజింక తల్లి పొట్ట కిందికి దూరబోతే తల్లి మీద పడ్డ దెబ్బ దానికీ తగిలింది. ఇంత జరుగుతున్నా మా చేతులు ఆగలేదు. అలవాటుపడ్డ చేతులు, వాటిపాటికి అవి వాయిస్తూనే ఉన్నాయి.

"ఆపండ్రా!" అని గురువుగారు అరిచారు. మేనేజరు బెత్తంతో ఆయన మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం తప్పెట మీద పడింది. ఆయన వాడి వైపు కూడా చూడలేదు. జింకలకూ తుపాకులకూ మధ్యకు పరుగెత్తి, తుపాకులకు వీపు తిప్పి, జింకలకు ఎదురుగా వాయించడం మొదలుపెట్టారు. "వరస తెంపండ్రా! దారియ్యండి!" అని కేక. మేం పక్కలకు జరిగాం. మంద వెనక్కు తిరిగి మా మధ్యనుంచి ఉరికింది. ఒక పోతుజింక కొమ్ము నా తొడ చీల్చింది. అప్పుడు నాకు నొప్పి కూడా తెలియలేదు. మళ్ళీ తుపాకి పేలింది. గురువుగారు పైకెత్తిన కుడిచెయ్యి కిందికి దిగేసరికి నెత్తురు కారుతోంది. ఆ చేత్తోనే ఇంకో దెబ్బ వేశారు. తప్పెట చర్మం నిలువునా చీలిపోయింది. కోపంతో ఆయన తప్పెటను కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఊజీ వెనక గేటు తెరిచేశాడు. మిగిలిన జింకలు వెదురు పొదల్లోకి పోయాయి. అతను "సయా, సయా" అని ఏడుస్తూ తన తలగుడ్డ విప్పి ఆ చేతికి కట్టాడు. బర్మావాళ్ళు గురువును అలా పిలుస్తారు. ఆస్పత్రిలో డాక్టరు కొన్ని సీసపు గుండ్లు తీశాడు. లోతుగా దిగినవి రెండు అరచేతిలోనే ఉండిపోయాయి.

ఆ వారంలోనే మేనేజరు కొత్త తప్పెటకు పనికొస్తుందంటూ ఒక జింకతోలు పంపించాడు. అది చూసి మా పెద్దలు మండిపడ్డారు. గురువుగారిని గజ్జెలతో రమ్మని పంచాయితీ పెట్టారు. "అమ్మోరి తప్పెటని వేటకి పట్టుకెల్తావేటి? తోలుకి ఆశపడ్డావేటి? ఎవడు ఒప్పుకున్నాడు సెప్పు!" అని కులపెద్ద గద్దించాడు. నేను ఒక అడుగు వెనక్కి, జనంలోకి జరిగాను. గురువుగారు నా వైపు ఒక్కసారి చూసి, "నానే" అన్నారు. కులపెద్ద వంగి ఆయన కాళ్ళ గజ్జెలను లాగి తెంపేశాడు. చీలమండలు గీరుకుని రక్తం వచ్చింది. ఆనాటి నుంచి గంగమ్మ పండక్కి మొదటి దెబ్బ వేసే హక్కు ఆయనకు లేకుండా పోయింది.

ఆ తోలును నేనూ గురువుగారూ పడవలో నది అవతల దలాకు తీసుకువెళ్ళి ఒడ్డున పాతిపెట్టాం. గొయ్యి నేనే తవ్వాను. ఎందుకలా చెప్పారని ఏడిస్తే, "నాను నేర్సుకున్నాను, వాయించీసినాను. నిన్ను వెలేస్తే నీ ఆట మజ్జెలోనే పోతాది" అన్నారు. తర్వాత నాలుగేళ్ళూ బస్తా మీద ఎడమచేత్తో కొట్టి మాకు లయ నేర్పారు. నేను రోజూ ఆ చెయ్యి చూస్తూనే ఉన్నాను, రోజూ నోరు మూసుకునే ఉన్నాను. పిరికివాణ్ణి.

దహనమైన మూడోనాడు అస్థికల కోసం వెళ్ళాం. బూడిద కదుపుతున్న కులపెద్ద చేతికి రెండు చిన్న ముద్దలు తగిలాయి. కరిగి మళ్ళీ గడ్డకట్టిన సీసం. "ఏటిది?" అన్నాడు. అప్పుడు, అందరి ముందూ చెప్పాను. మాటిచ్చింది నేను. బారుగా నిలబడమని సర్దిచెప్పింది నేను. ఆయన "నానే" అన్నది నా కోసం.

నన్ను కొడతాడనే అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు. గజ్జెలు తెంపిన ఆ చేతిని అలాగే చాపుకుని బూడిదలో కూలబడ్డాడు. అరచేతిలో ఆ రెండు సీసపు ముద్దలు. మేం అస్థికలన్నీ ఏరి, కుండకు గుడ్డ కట్టి, నది వైపు బయలుదేరేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. కులపెద్ద ఇంకా గుప్పిట మూయలేదు.