లాకు గోడ తన్ని నేర్చుకున్న ఈత

మా చిన్నప్పుడు కాలువలో పందెం అంటే ఎదురీతే... వాలుకి ఈదితే ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. వంతెన కింద దిగి, ప్రవాహానికి ఎదురు వెళ్లి, చాకిరేవు మెట్టు ముందుగా ముట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. మెట్టు ముట్టుకుంటే పందెం అయిపోయేది... వెనక్కి తిరిగే పనే లేదు.

మాది ఆత్రేయపురం దగ్గర్లో కాలువ గట్టు ఊరు. ఆ పందెంలో మా అన్నయ్య శామ్యూల్‌ని ఓడించినవాళ్లు లేరు.

అన్నయ్య ఇంటర్‌లో ఉండగా రాజమండ్రిలో జిల్లా ఈతగాళ్ల ఎంపిక అని తెలిసింది. నాన్నగారు మా ఇద్దర్నీ బస్సెక్కించారు. నాలుగొందల మీటర్ల ఫ్రీస్టైల్... అంటే యాభై మీటర్ల స్విమ్మింగ్ పూల్‌లో ఆ చివరకీ ఈ చివరకీ ఎనిమిదిసార్లు.

మొదటి గోడ వరకూ అన్నయ్యే ముందున్నాడు. అక్కడ మిగిలినవాళ్లు నీళ్లలోనే తలకిందులుగా తిరిగి, గోడని కాళ్లతో తన్ని వెళ్లిపోయారు. మావాడు గోడని రెండు చేతులతో పట్టుకుని, తలెత్తి చుట్టూ చూసి, అప్పుడు తిరిగాడు. మధ్యలో వాళ్లని అందుకునేవాడు... గోడ దగ్గర మళ్లీ పోగొట్టుకునేవాడు. ఏడుసార్లూ అదే. అందరికంటే ఆఖరున వచ్చాడు.

మెడలో విజిల్ వేసుకున్న పెద్దాయన నాన్నగారి దగ్గరికొచ్చారు.

"కాలువ ఈత వేరు మాస్టారూ, ఇది వేరు. కాలువలో గేదెలు కూడా ఈదుతాయి."

తిరుగు బస్సు ధవళేశ్వరం బ్యారేజీ మీదకొచ్చాక, వచ్చే ఏడు మళ్లీ వస్తానన్నాడు అన్నయ్య.

మా ఊళ్లో పూల్ లేదు. లాకు ఉంది... పడవలు తిరిగిన రోజుల్లో వాటిని కాలువ పై మట్టం నుంచి కింది మట్టానికి దించడానికి కట్టిన పొడవాటి రాతి తొట్టి. రెండు పక్కలా గోడలు, రెండు చివరలా తలుపులు. పడవలు ఆగిపోయాక ఆ తలుపులు తెరవడం మానేశారు. లోపల నీళ్లు కదలవు. అడ్డంగా ఈదితే నాలుగు బారలకే గోడ తగులుతుంది. తిరగడం నేర్చుకునేవాడికి ఇంకేం కావాలి?

ముందు గడ్డిమేటు పక్కన పరిచిన గడ్డిలో పిల్లిమొగ్గలు వేశాడు. తలలో వరిగడ్డితోనే చర్చికి వచ్చి అమ్మ చేత చీవాట్లు తిన్నాడు. ఆ తర్వాత లాకు దగ్గరికి వెళ్లాం. అక్కడ కాపలా ఉండే లస్కరు వెంకన్న గారు గట్టు మీదే ఆపేశారు.

"ఏంటి బాబూ, చావడానికి కాలువంతా చాల్లేదా?"

"తిరగడం నేర్చుకోవాలండి. గోడని తన్ని వెనక్కి రావాలి."

"తన్ను. దొరల కాలం నాటి గోడలు, నువ్వు తంతే పడవులే."

కానీ నడుముకి మోకు కట్టుకుంటేనే దిగనిస్తానన్నారు. రెండో కొస నా చేతికిచ్చారు. అన్నయ్య మొదటి పిల్లిమొగ్గ వేసేసరికి ఆ తాడు పొట్ట చుట్టూ మెలిపడి, నేనూ నీళ్లలో పడ్డాను. వెంకన్న గారు ఇద్దర్నీ బయటికి లాగి, మోకు విప్పేసి, పడవ తోసే పాత గెడ ఒకటి తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి అన్నయ్య నీళ్లలో ఉన్నంతసేపూ ఆ గెడ ఆయన చేతిలోనే ఉండేది.

గోడకి పాకుడు... కాలు పెడితే జారేది. నేను కొబ్బరిపీచుతో రుద్దేదాన్ని. వారం తిరిగేసరికి మళ్లీ పట్టేది. మళ్లీ రుద్దేదాన్ని. ముక్కులోకి నీళ్లెక్కి అన్నయ్య దగ్గుతుంటే, గట్టు మీద పిల్లలు గేదెలా అరిచి వెక్కిరించేవారు. రాజమండ్రిలో ఆయన అన్న మాట ఊరిదాకా వచ్చేసింది మరి.

మరుసటి ఏడు అదే పూల్, అదే పెద్దాయన. అన్నయ్య ఏడు గోడల దగ్గరా నీళ్లలోనే తిరిగాడు. మూడో స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలకి తీసుకున్నది ఇద్దరినే.

ఒంటి మీద నీళ్లు కారుతుండగానే అన్నయ్య ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"గేదెలు పిల్లిమొగ్గ వెయ్యవండి."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాన్నగారు మొహం పక్కకి తిప్పుకుని నవ్వడం నేను చూశాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే... ఈమధ్య ఒక అంతర్జాతీయ ఈత పోటీకి విలేకరిగా వెళ్లాను. పురుషుల నాలుగొందల మీటర్ల ఫ్రీస్టైల్, ప్రాథమిక దశ. చివరి లేన్‌లో ఒక చిన్న దీవి నుంచి వచ్చిన కుర్రాడు. మిగిలినవాళ్లు గోడ ముట్టుకుని కళ్లద్దాలు తీసేసరికి అతనికి ఇంకా సగం పూల్ ఉంది. నా పక్కన కూర్చున్న విలేకరి, ఇలాంటివాళ్లని ఎందుకు పంపుతారో అన్నాడు. అతని దేశంలో పెద్ద పూల్ లేదు, సముద్రంలో సాధన చేశాడు. నేను వెళ్లి అడిగి తెలుసుకున్న సంగతి అది. వార్తలో ఒక పేరా రాశాను. మా పత్రిక డెస్కువాళ్లు తీసేశారు.

ఆ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడు మండపేటలో రైసు మిల్లు మెకానిక్కు. వెనక మిల్లు చప్పుడు... అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"గోడ దగ్గర చేత్తో పట్టుకున్నాడా, మొగ్గ వేశాడా?"

"వేశాడు. ఏడుసార్లూ."

"మరి రాయాలి కదా."

"రాశాను అన్నయ్యా. తీసేశారు."

"నీకు ఇంకో చోటే లేదా ఏంటి?"

ఉంది. ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

మా లాకులో ఇప్పుడు గుర్రపుడెక్క నిండిపోయింది. చుట్టూ కంచె, ఈతకి దిగరాదని బోర్డు. వెంకన్న గారు లేరు. నేను రుద్దిన గోడ మీద పాకుడు మందంగా పేరుకుంది... గోడ మాత్రం అలాగే ఉంది.

మీరు ఏ కాలువలో, ఏ చెరువులో, ఏ రేవులో ఈత నేర్చుకున్నారో కింద రాయండి. అది ఈత కాదని మీతో అన్నవాళ్లుంటే, మీరేం జవాబిచ్చారో అదీ రాయండి. ఇక్కడ తీసేసేవాళ్లు లేరు.