వెనక వేడి

ఆ బేకరీ వెనక గదిలో రొట్టెల పిండి పిసికే ఆవిడని వీధిలో అందరూ చిటపటమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది? పెళ్ళై వచ్చిన మర్నాడే ఆవిడ పిండిబల్ల ముందు నిలబడింది, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. ఆ కోపం మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు, అత్తింట్లో పెట్టిందే. బట్టీ దగ్గర ఉండే మొగుడు ఒకప్పుడు అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేచేవాడు. రొట్టె మాడితే అరుపు, మాడకపోతే ఎందుకు మాడలేదన్నట్టు ఇంకో అరుపు. అతని గొంతుతో పోటీ పడీ పడీ ఆవిడ గొంతూ అలాగే తయారైంది.

ఓ రోజు గుండె పట్టేసినట్టయి బట్టీ ముందే కూలబడ్డాడు. కోపం తగ్గించుకోమన్నాడు డాక్టరు. ఎలా తగ్గించుకోవాలో ధ్యానం నేర్పే పెద్దాయనొకాయన చెప్పాడు: పొద్దున లేచింది మొదలు కొట్టు తలుపులు తీసేదాకా నోరు విప్పకూడదు.

ఉన్నమాట చెప్పుకోవాలి, అతనికి మేలే జరిగింది. రక్తపోటు దిగింది, కంటినిండా నిద్ర పట్టింది, మొహంలో కళ వచ్చింది. ఆ కళ చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళూ నా చెవులు హోరెత్తించి, ఇప్పుడు దొరికిన కాస్త శాంతినీ ఒక్కడే దాచుకు తింటున్నాడని కడుపు రగిలేది. ఉప్పు అయిపోయిందని చెబితే చిరునవ్వు. పిండి చాలదంటే చిరునవ్వు. ఆ నవ్వుని అట్లకాడతో గోకి పారెయ్యాలనిపించేది.

కౌంటరు దగ్గర కూర్చునే ఆడపడుచు అప్పుడప్పుడూ ఆజ్యం పోసేది. "అన్నయ్య మొహంలో ఆ వెలుగు చూశావా వదినా?"

"బట్టీ ముందు నిలబడితే ఎవరి మొహమైనా వెలుగుతుంది."

ఆ గదిలో మామగారి కాలం నుంచీ ఒక పద్ధతుంది. బల్లకీ బట్టీకీ మధ్య ఇరుకు సందు. కాలే ట్రే పట్టుకుని ఎవరి వెనక నుంచి వెళ్ళినా "వెనక వేడి!" అని కేకెయ్యాలి. మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకోని రోజుల్లో కూడా ఆ కేక మాత్రం మానలేదు. మౌనం పట్టాక అతను కేక మానేసి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. ఓ పొద్దున లోపల జపం జోరుగా సాగుతోంది కాబోలు, అదీ లేదు. పిండి అందుకోవడానికి ఆవిడ వెనక్కి తిరిగింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చెయ్యి ట్రేకి అతుక్కుపోయింది.

చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టాడు. కళ్ళ నిండా భయమే, నోరు మాత్రం మూతే. కొట్టు తెరిచాక నోరు తెరిచి అన్న మొదటి మాట ఇదీ: "కోపం తెచ్చుకోకు. మనసు ప్రశాంతంగా ఉంటే మంట తెలీదు."

"మీ చెయ్యి కాలినప్పుడు చెప్పండి ఆ మాట!"

"పాపం, నియమం తప్పకూడదని కదా వదినా..." ఆడపడుచు నసిగింది.

"నాకు మీ అన్నయ్య శాంతీ వద్దు, సంజాయిషీ వద్దు. ఆ కేక కావాలి. అది లేకపోతే ఈ గదిలో నేనుండను. పని మనిషిని చూసుకోమను."

అతను తల వంచుకున్నాడు. సరే అనలేదు.

కట్టు కట్టిన చెయ్యితో పిండి పిసకడం కుదరదు. అందుకని పని మనిషి దొరికేదాకా ఆవిడ బట్టీ దగ్గరికి, అతను బల్ల దగ్గరికి మారారు. మర్నాడు కాలే ట్రే పట్టుకుని ఆవిడ సందులోకి వచ్చేసరికి అతని వీపు ఎదురుగా ఉంది. అరమోడ్పు కళ్ళతో పిసుకుతున్నాడు, ఈ లోకంలో లేడు. ఈ పూట నేనూ మౌనం పడితే? ఆవిడ నిజంగానే అనుకుంది. పళ్ళు బిగించి ఓ అడుగు వేసింది కూడా. అతని మోచెయ్యి వెనక్కి కదిలింది.

"వెనక వేడి!"

కౌంటరు దగ్గర ఆడపడుచు ఉలిక్కిపడి లేచింది. అతను బల్లకి కరుచుకుపోయాడు. ట్రే దించాక ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది, దుఃఖంతో కాదు, ఒట్టి ఉక్రోషంతో.

"ఇంత కక్షలో కూడా నా పాడు నోరు మీ వీపు కాచింది. మీ ధ్యానం నా చెయ్యి కాయలేకపోయింది."

అతను పిండి చేతులు తుడుచుకున్నాడు. ఆవిడ చేతి నుంచి బట్టీ గుడ్డలు లాక్కుని తనే బట్టీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పిండిబల్ల వైపు తిరిగి, బాగున్న చేత్తోనే ముద్దలు విడదియ్యసాగింది. కొట్టు తలుపులు ఇంకా తియ్యలేదు. బట్టీ మూత చప్పుడైంది. అడుగులు దగ్గరికొచ్చాయి. కట్టు కింద చెయ్యి జివ్వుమంది.

"వెనక వేడి." తుప్పు పట్టిన గొంతు.

ఆవిడ బల్ల వైపు జరిగింది. స్పష్టంగానే వినపడింది. అయినా తల తిప్పలేదు.

"గట్టిగా చెప్పండి. వినపళ్ళేదు."