సగం ఆట చూశాక తీసుకున్న టికెట్

సహోదరులారా, పోయిన సంవత్సరం ఈ రోజులకు నేను ఖాళీ గ్యాలరీని చూసి భయపడే మనిషిని. విజయనగరంలో మన అమ్మాయిల హాకీ జట్టు ఒకటి ఉందని మీలో కొందరికి తెలుసు, జీతాలిచ్చి ఆడించే జట్టు. దానికి టికెట్లు అమ్మేదీ జమాఖర్చులు చూసేదీ నేనే. కోటబొమ్మాళిలో పదో తరగతితో నా చదువు ఆగిపోయినా ప్రభువు నాకు అంకెల మీద ప్రేమ ఇచ్చాడు, ఎవరూ నేర్పకుండానే లెక్కలు పట్టుబడ్డాయి, ఆ లెక్కలే నాకు అన్నం పెట్టాయి, చివరికి ఆ లెక్కలే నా గుండె మీద ఎక్కి కూర్చున్నాయి.

మన వైపు హాకీ ఎవరు చూశారు? టికెట్ యాభై రూపాయలు పెడితే జనం పలచగా వచ్చారు. మైదానం అద్దె, జీతాలు, బస్సు ఖర్చు తగ్గేవి కావు కాబట్టి ఖర్చునంతా వచ్చిన తలలతో భాగించి చూశాను, టికెట్ పెంచాలని తేలింది, వంద చేశాం. వచ్చేవాళ్ళు ఇంకా తగ్గారు. మళ్ళీ భాగించాను, నూట యాభై చేశాం. భాగహారంలో తప్పు లేదు, కానీ ధర పెంచిన ప్రతిసారీ భాగించే అంకె చిన్నదైపోతోంది, అది చిన్నదైన కొద్దీ ధర పెరగాలని చెబుతోంది, ఆ దారి ఎక్కడికి పోతుందో లెక్క తెలిసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

జట్టు యజమాని కఠినుడు కాడు, ఎంతో కాలం నష్టం భరించాడు. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, "ప్రసాదరావూ, ఇంక రెండు ఆటలే మన ఊళ్ళో ఉన్నాయి. చివరి ఆటకైనా గ్యాలరీ నిండకపోతే జట్టు ఎత్తేస్తాను" అన్నాడు. ఎత్తేస్తే ఆ పిల్లలు రొయ్యలు ఒలిచే షెడ్లకు తిరిగి వెళ్ళాలి. ఆ మాట విన్నాక నాకు నిద్ర కరువైంది, ముద్ద దిగలేదు, రక్తపోటు మాత్రలు పెరిగాయి, మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టినా మధ్యలో మనసు కూడికల్లోకి వెళ్ళిపోయేది.

ఆ పిల్లల గురించి మీకు చెప్పాలి. కెప్టెన్ నూకరత్నం కళింగపట్నం దగ్గర సముద్రపు పల్లె పిల్ల. ఆట మొదలయ్యే ముందు ఖాళీ గ్యాలరీకి ఎదురుగా నిలబడి, నిండుగా జనం ఉన్నట్టే కర్ర పైకెత్తి దండం పెట్టేది. ఆమె వెనక మిగతావాళ్ళూ అలాగే చేసేవారు. "ఎవరికమ్మా ఆ దండం?" అని అడిగితే, "ఎవులికైతే ఏటి మావయ్యా, వచ్చినోళ్ళు వచ్చినట్టే గదా. నువ్వున్నావు, సాలు" అని నవ్వి పరుగెత్తేది. చూసేవాళ్ళు లేరని ఒక్క అడుగు తక్కువ పరుగెత్తిన పిల్ల ఆ జట్టులో లేదు. నమ్మకమంటే ఏమిటో నేను ఎన్నో ప్రసంగాల్లో విన్నాను, కళ్ళతో చూసింది మాత్రం అక్కడే.

ఒక తెల్లవారుజామున నేను, నా భార్య సుగుణ కలిసి మోకరించాం. నేను ఇలా అన్నాను: "ప్రభువా, నా లెక్క ఇక్కడితో ఆగిపోయింది, దీని తరువాతి వరుస నాకు రాదు, నువ్వే వేసి చూపించు, ఏ చేతితో చూపించినా నీదేనని ఒప్పుకుంటాను."

ఆ రోజే చివరి ఆటకు ముందు ఆట. టికెట్ కిటికీ దగ్గరకు ఒకావిడ వచ్చింది, చంకలో ఖాళీ చేపల గంప.

"ఏటి బాబూ, నూటేభయ్యా? లోపల ఏటి అమ్మతన్నారు?"

"హాకీ ఆటమ్మా."

"అదెలాగుంటాదో నానెరగను. ఎరగని సేపని సూపించకుండా ధర సెప్తే ఎవులు కొంతారు? నానైతే గంప మీద గుడ్డ తీసి, మొప్ప ఎత్తి సూపించి, అప్పుడు సెప్తాను ధర."

"మీ వాళ్ళెవరైనా ఆడుతున్నారా?"

"మా పిల్ల. నూకరత్నం."

నేను లేచి నిలబడ్డాను. "కెప్టెన్ అమ్మగారికి టికెట్టేమిటి, లోపలికి రండమ్మా."

"ఊరకే వద్దు. ముందు సూస్తాను, బాగుంటే ఇస్తాను. బాగునేదంటే దానికి రెండేసి ఇంటికి లాక్కుపోతాను."

ఆ తల్లి పేరు పోలమ్మ, విజయనగరం బజారుకే చేపలు తెచ్చి అమ్ముతుంది. గేటు పక్కన నిలబడే సగం ఆట చూసింది. విరామంలో కిటికీ దగ్గరకు వచ్చి, చీర కొంగు ముడి విప్పి వంద నోటు పెట్టింది. "నూటేభయ్ ఎక్కువ. వందకియ్యి." నేను బేరం ఆడకుండా టికెట్ చింపి ఇచ్చాను. ఉదయం నేనడిగిన వరుస అదేనని అర్థమైంది.

యజమానితో చెప్పాను: చివరి ఆటకు గేటు తెరిచి పెడదాం, మొదటి సగం ఉచితం, విరామంలో నచ్చినవాళ్ళే యాభై రూపాయల టికెట్ తీసుకుని మళ్ళీ కూర్చుంటారు, వెళ్ళేవాళ్ళను ఎవరూ ఆపకూడదు. ఆయన నవ్వాడు. "ఊరికే చూసి ఇంటికి పోతారయ్యా." మళ్ళీ తనే, "సరే, పోయేది ఏముంది" అన్నాడు. మేము ఆటో మీద మైకు కట్టి తిప్పాం. పోలమ్మ మా కంటే ముందే చేపల బజారంతా చెప్పేసింది.

ఆ సాయంత్రం గ్యాలరీ నిండింది. నూకరత్నం ఎప్పటిలాగే దండం పెట్టింది, ఈసారి జనం చప్పట్లతో బదులిచ్చారు, ఆ పిల్ల ఒక్క క్షణం కర్ర దించడం మరిచిపోయింది. సగం ఆటకు మనవాళ్ళు ఒక గోలు వెనకబడి ఉన్నారు. విరామం ఈల మోగగానే, సహోదరులారా, గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా లేచి గేటు వైపు కదిలింది. కిటికీ గేటు పక్కనే ఉంది కాబట్టి వాళ్ళు ఇంటికి పోతున్నారో నా దగ్గరకు వస్తున్నారో తెలియలేదు. నేను కళ్ళు మూసుకుని "యేసయ్యా" అన్నాను.

"కునుకు తీసినావేటి? టికెట్టియ్యి."

కళ్ళు తెరిస్తే పోలమ్మ, ఆమె వెనక మైదానం గోడ మలుపు దాకా వరుస.

"యాభై అమ్మా."

"ఏభయ్యేనా? ఆ రోజు నాకాడ వంద తీసుకున్నావు గదా. ఆ ఏభై ఇయ్యాలకి సెల్లు."

లెక్క సరిగ్గానే ఉంది. నేను నవ్వుతూ టికెట్ చింపి ఇచ్చాను.

ఆట మనం ఓడిపోయాం. జనం మాత్రం చివరి దాకా కదలలేదు, యజమాని మరో ఏడాదికి అమ్మాయిలందరితో ఒప్పందం రాశాడు, నాకు నిద్ర తిరిగి వచ్చింది, ఇప్పుడు నా ప్రార్థనలో కూడికలు లేవు. దేవునికే మహిమ.

ఇక్కడ వెనక బెంచీల్లో, తలుపు దగ్గర నిలబడినవాళ్ళలో, ఈ విశ్వాసం తనకు ఎంత ఖర్చవుతుందోనని లెక్క వేసుకుంటున్నవాళ్ళు ఉండవచ్చు. నేను నా జీవితమంతా లెక్కలు వేసినవాడిని, నా మాట వినండి. ప్రభువు మన దగ్గర ముందుగా ఏమీ అడగలేదు, తన ప్రేమను తెరిచి చూపించాడు, వెల ఆయనే చెల్లించేశాడు. లోపలికి వచ్చి కూర్చోండి, చూడండి. ఈ కిటికీ దగ్గర టికెట్ అమ్మేవాడు లేడు.