మా బావకు వచ్చే జ్వరాలు

మా అక్క జానకి మొగుడు పట్టాభిరామయ్యకు ఏడాదికి ఎనిమిది తొమ్మిదిసార్లు జ్వరం వస్తుంది. టెక్కలిలో ఆయన గుమస్తాగా పనిచేసే ప్రైవేటు కాలేజీలో ఆ సెలవు చీటీలన్నీ ఒక ఫైలులో భద్రంగా ఉన్నాయి. ఆయన ఒళ్ళు కాలడం మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు. బొమ్మ వేయాలని మనసు లాగినప్పుడల్లా జ్వరమని రాసి పంపి ఇంట్లో కుంచె పట్టుకుంటాడు. బొమ్మలేసుకోవాలి సెలవివ్వండి అని రాస్తే ఏ ప్రిన్సిపాలు సంతకం పెడతాడు?

చిక్కేమిటంటే, మాది ఊరూరా కిడ్నీ జబ్బులున్న ఉద్దానం. ఈ పక్క మనిషి తరచూ ఒంట్లో బాగోలేదంటే ఎవరికైనా ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. ప్రిన్సిపాలు మంచివాడు. ఓ రోజు పిలిచి, దాచుకోవద్దు పంతులుగారూ అని బుజ్జగించి, అటెండరును తోడిచ్చి రక్తపరీక్షకు పంపాడు. లెక్కల మాస్టారు ఇంటి నుంచి మరగబెట్టిన నీళ్ళ సీసా తెచ్చి రోజూ ఈయన బల్ల మీద పెట్టేవాడు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. మా బావ సిగ్గుతో రెండు నెలలు జ్వరం లేకుండా ఉన్నాడు.

ఇరవై ఏళ్ళప్పుడు విశాఖపట్నం వెళ్ళి బొమ్మల చదువు చదువుకుంటానన్నాడట. తండ్రి రిటైరయ్యాడు, ముందు ఇల్లు గడవాలి అన్నారు. ఇల్లు గడుస్తుంటే ఇల్లు కట్టారు, దాని అప్పు తీరాలి అన్నారు. అది తీరబోతుండగా తుఫానొచ్చి పైకప్పు రేకులు పట్టుకుపోయింది. మళ్ళీ కప్పు వేయించేసరికి కూతురు ఇందు ఇంజనీరింగులో చేరింది. ఈ మధ్యలోనే ఒకసారి ‘పట్టాభిరామయ్య, చిత్రకారుడు’ అని వంద కార్డులు అచ్చు వేయించుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంది మా అక్క. తొంభై ఏడు కార్డులు ఇప్పటికీ బియ్యం డబ్బా పక్కనే ఉన్నాయి.

గిరాకీ లేక కాదు. నందిగాం నుంచి అక్కుపల్లి దాకా పెళ్ళి పందిరి బోర్డులు, బారసాల బ్యానర్లు, పిల్లల సైన్సు చార్టులు అన్నీ ఆయనవే. మన పంతులే కదా, అరగంట పని అంటారు. అయ్యాక కాఫీ ఇస్తారు. కాశీబుగ్గలో నా మందుల షాపు బోర్డు కూడా ఆయనే రాశాడు. నేనూ కాఫీయే ఇచ్చాను, కాకపోతే చక్కెర కాస్త ఎక్కువ వేయించాను.

పోయిన వేసవిలో ఓ పూట, ఇక ఉద్యోగం మానేసి బొమ్మల మీదే బతుకుతానని ఆయన గట్టిగానే అన్నాడు. మా అక్క చెడ్డది కాదు. ఒకటో తారీకు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఆయనకు తెలీదు, అంతే తేడా.

“ఒక్క మనిషి డబ్బులిచ్చి మీ చేత బొమ్మ ఏయించుకుంటే, కాలేజీకి కాయితం నేనే రాసిత్తాను,” అంది.

ఆ వారంలోనే భావనపాడు నుంచి పైడిరాజు నా షాపుకు మందులకొచ్చాడు. సొంత బోటున్నవాడు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డున పెట్టి మరమ్మతులు, రంగులు వేయించుకుంటున్నారు. నా బోర్డు చూసి ఎవరు రాశారని అడిగాడు. వెంటనే తీసుకెళ్ళి బావను చూపించాను. పైడిరాజు అడ్వాన్సు చేతిలో పెట్టాడు. నా ఇష్టానికి వదిలేస్తావా అని బావ అడిగితే, అందంగా ఉంటే సాలు పంతులు గారూ అన్నాడు పాపం.

ఏడు ఆదివారాలు, నాలుగు జ్వరాలు పట్టింది. బావ ఆ బోటుకు లోపలా బయటా సముద్రాన్నే వేశాడు. పొద్దుటి పూట భావనపాడు నీళ్ళు ఎలా ఉంటాయో అలా, ఒడ్డు దగ్గరి పచ్చదనం, లోపలి నీలం, అలల మీద నురగతో సహా. ఎగతాళి పక్కనపెట్టి చెబుతున్నాను. ఈ మనిషి చేత ఇన్నాళ్ళూ బోర్డులు రాయించుకున్నామా అనిపించింది.

నిషేధం తీరి బోట్లు మొదటిసారి వేటకెళ్ళిన రోజు మేమంతా ఒడ్డుకు వెళ్ళాం. మా అక్క కూడా వచ్చింది. బోట్లు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్ళు ఇసుకలో నిలబడి రంగు చూసి పోల్చుకుంటారు. ఎర్రది ఫలానావాళ్ళది, పసుపుది ఫలానావాళ్ళది అని దూరంనుంచే చెప్పేస్తారు. పైడిరాజు పెళ్ళాం సత్యవేణి కూడా అలాగే చూస్తోంది. ఒక్కొక్కటే అన్నీ వచ్చేశాయి, ఆమె బోటు లేదు. వెనకాలే వస్తున్నాడు అని దిగినవాళ్ళు చెప్పారు. ఆమెకు వెనకాల నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఇసుకలో కూలబడింది.

కాసేపటికి నలుగురు మనుషులు నీళ్ళ మీద కూర్చుని వస్తున్నట్టు కనిపించారు. బోటు ఆమె కళ్ళ ముందే ఉంది, సముద్రంలో కలిసిపోయి.

సత్యవేణి లేచి మొగుడి దగ్గరికి పోలేదు. నేరుగా బావ దగ్గరికొచ్చింది.

“పంతులు గారూ, సంద్రం మాకు రోజూ అగుపడతాది. అగుపడాల్సింది బోటు.”

 బావ ముఖం చూడలేకపోయాను. తప్పు నాదేనమ్మా అన్నాడాయన.

మర్నాడు సొంత డబ్బుతో ఎర్ర రంగు, పసుపు రంగు కొనుక్కుని వెళ్ళాడు. ఏడు ఆదివారాల సముద్రం ఒక్క పూటలో ఎరుపు కింద పోయింది. ఆ ఎరుపు మీద పెద్ద పసుపు పిట్టను వేశాడు. పూత పూతకీ సత్యవేణిని చేపలెండబెట్టే చోటుదాకా వెనక్కి నడవమని, అక్కణ్ణుంచి కనపడుతోందా అని అడిగాడు. మూడుసార్లు ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. నాలుగోసారి పైకెత్తింది. బోటు లోపలి వైపు కూడా చెరపబోతే మాత్రం ఒప్పుకోలేదు. అది మా ఆయనకి, ఉండనీండి అంది. మిగతా డబ్బు తనే తెచ్చి బావ చేతిలో పెట్టింది. వచ్చే ఏడు తమ బోట్లు కూడా అంత దూరానికి కనపడాలని మరో ముగ్గురు ఆడవాళ్ళు అడిగారు.

ఇంటికొచ్చాక బావ మా అక్క ఇచ్చిన మాట ఊసెత్తలేదు. మా అక్కే కాయితం, కలం తెమ్మంది. రాజీనామాయే అనుకుని నేను భయపడ్డాను. ఆమె రాసింది వేరు. వచ్చే ఏడాది వేట నిషేధమున్న రెండు నెలలకూ జీతం లేని సెలవు కావాలని రాసింది.

“రెండు నెల్లు ఎలాగో నెట్టుకొత్తాను,” అంది. “మిగతా పది నెల్లూ మీకు జ్వరాలు రాకూడదు.”

కారణం రాయాల్సిన చోట కలం ఆగింది. జ్వరమని రాసెయ్ అన్నాడు బావ, అలవాటు కొద్దీ. మా అక్క ఆయన వంక ఒక్కసారి చూసి, ‘బోట్లకు బొమ్మలు వేయు పని’ అని రాసి కాయితం ముందుకు జరిపింది. బావ రెండుసార్లు చదువుకున్నాడు. ఆఫీసు కాయితాల మీద గిలికే పొట్టి సంతకం కాకుండా, బొమ్మల కింద పెట్టే పొడుగాటి సంతకం పెట్టాడు.