చక్రం కింద రాయి

కల్పించి చెప్పడానికి నాకేం అవసరం? చెబితే పరువు పోయేది నాదే. స్టీరింగ్ పట్టిన ఈ రెండు చేతుల మీద ఒట్టు... జరిగిందే చెబుతున్నాను. నవ్వాలనుకుంటే చివర్లో నవ్వండి.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. మా అక్క మొగుడు సూర్రావు, నేనూ కలిసి అక్కడికి కంకర తోలించేవాళ్ళం. మాకో జీపు ఉండేది. జీపు అనడం మర్యాద కోసమే. మీటరు ఒక చుట్టు తిరిగి సున్నాకి వచ్చి, మళ్ళీ సగం దాకా పోయి, విసుగెత్తి ఆగిపోయింది. ఇంజను రెండుసార్లు విప్పారు. గేర్‌బాక్సు ఒక బండిది, తలుపులు ఇంకో బండివి. దాని సొంతమంటూ మిగిలింది నంబరు ప్లేటు ఒక్కటే, అదీ వంకరే. సెల్ఫ్ స్టార్టరు పనిచెయ్యదు. అందుకని ఎక్కడ ఆపినా వాలులో ఆపాలి, ముందు చక్రం కింద రాయి పెట్టాలి. బయలుదేరేటప్పుడు రాయి తీసి, బండిని దొర్లనిచ్చి, గేరు వెయ్యాలి. ఆ రాయిని వెంట మోసుకు తిరగాలి. చీకట్లో కనబడుతుందని పాతూరి మెకానిక్ మస్తాన్ దానికి తెల్లరంగు చార పూశాడు. దసరాకి మా బావ జీపుతో పాటు రాయికీ బొట్టు పెట్టేవాడు. అలాంటి మనిషితో నా వ్యాపారం.

అమ్మేద్దామని ఏడాది పాటు పోరాను. కొత్తదానికి పేరు రాయిస్తే ఎన్నేళ్ళకొస్తుందో తెలియదనీ, వచ్చినా అదీ పాతబడేదేననీ బావ వాదన. మస్తాన్ అయితే జీపు పక్కన నిలబడి నేను తిడితే నొచ్చుకునేవాడు. దానికి చెవులున్నట్టు. చివరికి నేనే కొనడానికి ఎలమంచిలి నుంచి ఒకాయన్ని మాట్లాడాను. మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోతాడు. పీడ వదిలిందనుకున్నాను.

ఆ సాయంత్రం యారాడలో తెలిసిన జాలరివాళ్ళింట్లో పెళ్ళి. బయలుదేరుతుంటే బావ అడిగాడు.

"రాయి ఏసేవా బావా?"

"ఏసేను," అన్నాను.

బండిలో వెయ్యలేదు. గేటు పక్కకి కాలితో తన్నాను. రేపు పోయే డొక్కుకి ఇవాళ కూడా రాయి మొయ్యాలా?

తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి దాటింది. బావ బాగా తాగి వెనక సీట్లో పడుకున్నాడు. నేను చుక్క ముట్టలేదు. ఇది గుర్తుంచుకోండి. కొండ ఎక్కేసరికే రేడియేటరు పొగలు కక్కింది. సణుక్కుంటూ పైమలుపు దాటించి, వాలులో ఆపాను. హ్యాండ్‌బ్రేకు లాగాను. మస్తాన్ ఇనపతీగతో ముడేసిన బ్రేకు అది. గేరులో పెట్టానా... పెట్టే ఉంటాను. డబ్బా, టార్చి తీసుకుని కాస్త వెనక ఉన్న ఊట దగ్గరికి నడిచాను. కింద ఎక్కడో పోర్టు దీపాలు. గాలి లేదు.

డబ్బాలో నీళ్ళు పడుతున్నాయి... బుడ... బుడ...

టంగ్.

తీగ తెగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు... ఆ తర్వాత... కర్ర్... కర్ర్... గులకరాళ్ళ మీద టైరు. మెల్లగా.

పరుగెత్తాను. జీపు వెనకభాగం నా ముందే జారిపోతోంది. దాని ముందు మలుపు. మలుపు పక్కన గోడ లేదు, లోయే. లోపలి నుంచి మా బావ గురక వినబడుతోంది. మా అక్క మొహం కళ్ళముందు కదిలింది. ఇంకో నాలుగు బారల రోడ్డుంటే అందుకునేవాణ్ణి... అందలేదు.

దబ్.

ఆగింది.

టార్చి వేశాను. ముందు చక్రం కింద... రాయి. దాని మీద తెల్ల చార. వంగి ముట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. మా గేటు పక్కన ఉండాల్సిన రాయి.

లోపల గురక ఆగింది.

"రాయి ఎట్టేవా బావా?"

నిద్రలోనే అడిగాడు.

"ఎట్టేను," అన్నాను.

మళ్ళీ గురక.

రేడియేటర్లో నీళ్ళు పోశాను. రాయి లాగి, వెనక బావ కాళ్ళ దగ్గర పెట్టాను. బరువు ఇంకా గుర్తుంది నాకు. ఇంటికొచ్చి చూస్తే బావ కాళ్ళ దగ్గర రాయి లేదు. గేటు పక్కన ఉంది. తన్నినచోటే. ఒక పక్క కొండ మీదిలాంటి ఎర్రమట్టి అంటుకుని ఉంది.

మీరనేవన్నీ నేనూ అనుకున్నాను. ఘాటీలో లారీవాళ్ళు రాళ్ళు వదిలేసి పోతారు. రోడ్డు పక్క రాళ్ళకీ సున్నం వేస్తారు. వెనక తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు, దారిలో జారిపడి ఉంటుంది. ఎర్రమట్టి సైటుదే అయ్యుండచ్చు. అన్నీ సరిపోతాయి. నాకే సరిపోలేదు.

పొద్దున్నే ఎలమంచిలి ఆయన వచ్చాడు. ఇవ్వడం లేదని చెప్పి పంపేశాను. బావ వింతగా చూశాడు.

"ఏటి బావా, నువ్వే తెచ్చేవు, నువ్వే పొమ్మంతన్నావు?"

ఏం చెప్పను? నీకు అబద్ధం చెప్పాననా? అక్కకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఆ జీపు ఇంకో నాలుగేళ్ళు మా ప్రాణాలు తీసింది. అదంటే ఇప్పటికీ నాకు చులకనే. కానీ ఆ నాలుగేళ్ళూ బావ "రాయి ఏసేవా?" అని అడిగినప్పుడల్లా, వేశానని తెలిసినా దిగి వెళ్ళి... ముట్టుకుని చూసి, వచ్చి చెప్పేవాణ్ణి.